కొత్త లోటస్‌లో ఏ ఇంజిన్? లెక్క గేర్‌బాక్స్ దగ్గర మొదలుపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

లోటస్ ఎమిరా తర్వాత రాబోయే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఏ ఇంజిన్ ఉంటుందన్న దాని మీద మీ ఆటో పేజీలో వచ్చిన కథనాన్ని నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ గ్యారేజీల్లో చాలామంది చదివారు. వీ ఆకారంలో ఆరు సిలిండర్లుండే వీ6 ఉంచుతారా, ఎనిమిది ఉండే వీ8 తెస్తారా, నాలుగు సిలిండర్ల టర్బోకి కరెంటు మోటారు తగిలిస్తారా అని ఐటీఐ పిల్లలు పానాలు పక్కన పెట్టి మరీ వాదించుకుంటున్నారు. అంత ఆసక్తి ఉన్నచోట సరైన లెక్క అందాలి. మీ కథనం మొదటి నుంచి చివరి దాకా హార్స్‌పవర్ మీద, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లన్న దాని మీద నడిచింది. చిన్న కంపెనీ ఇంజిన్‌ని ఎంచుకునే పద్ధతి అది కాదు. దానికి ఏ గేర్‌బాక్స్ కలుస్తుంది, పొగ నిబంధనలు దాటుతుందా, నీళ్లు ఎట్లా చల్లబడతాయి, ఇంకో పదేళ్లు సరఫరా ఉంటుందా అన్నవి ముందు తేలాలి. పవర్ సంగతి ఆ తర్వాతే. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో ఒత్తిడి పెంచి, ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో) మ్యాప్ మార్చితే పవర్ ఎంతో కొంత వస్తుంది. గేర్‌బాక్స్ అట్లా పుట్టుకు రాదు.

బ్రిటన్‌లో చిన్న స్పోర్ట్స్ కార్ల వాళ్లు ఇంజిన్‌ని సొంతంగా పోత పోసుకోవడం తక్కువ. ఛాసీ, సస్పెన్షన్ వాళ్ల విద్య. ఇంజిన్ బయట కొనుక్కుంటారు. 1962 నాటి లోటస్ ఎలాన్‌లో బ్లాక్ (సిలిండర్లుండే దిమ్మ) ఫోర్డ్ కంపెనీది, దాని మీద కూర్చున్న ట్విన్‌క్యామ్ హెడ్ (వాల్వులుండే పైభాగం) హ్యారీ మండీ అనే ఇంజినీరు గీసింది. 1986లో లోటస్ జనరల్ మోటార్స్ చేతికి పోయింది. 1989లో వచ్చిన కొత్త ఎలాన్‌లో జపాన్ ఇసుజు వాళ్ల 1.6 లీటర్ల ఇంజిన్ కనిపించింది. ఇసుజులో జనరల్ మోటార్స్‌కు వాటా ఉంది మరి. అప్పుడు యజమాని ఎవరో తెలిస్తే ఇంజిన్ తెలిసిపోయింది. ఆ తర్వాత ఈ సూత్రం సగం తప్పింది. 1996లో మలేసియా ప్రోటాన్ కంపెనీ లోటస్‌ని కొన్నది, కానీ లోటస్ చిన్న కారు ఎలీజ్‌లోకి ప్రోటాన్ ఇంజిన్ రాలేదు. ముందు రోవర్‌ది, 2004 నుంచి టయోటాది వచ్చింది. 2017లో చైనాకు చెందిన గీలీ 51 శాతం తీసుకుంది. గీలీ అంటే వోల్వో యజమాని కూడా, కాబట్టి వోల్వో ఇంజిన్ వస్తుందని ఊహించడం సహజం. 2021లో ఎమిరాను చూపిస్తూ లోటస్ ప్రకటించినవి రెండు: టయోటా 3.5 లీటర్ల వీ6, మెర్సిడెస్ ఏఎంజీ రెండు లీటర్ల టర్బో. గీలీ అధిపతి లీ షుఫు 2018లోనే మెర్సిడెస్ యజమాని డైమ్లర్‌లో 9.69 శాతం వాటా కొనిపెట్టుకున్నారు. అంటే యజమాని సొంత కంపెనీలనే కాదు, అతనికి వాటా ఉన్న కంపెనీలను కూడా వెతకాలి.

ఈ ఇంజిన్లు మనకు ఎక్కడో దూరపు వస్తువులు అనుకోవద్దు. 2003 నుంచి మన రోడ్ల మీద తిరిగిన టయోటా కరోలాలో ఉన్నది 1794 సీసీ, 1జెడ్‌జెడ్-ఎఫ్ఈ ఇంజిన్. మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు ఆ కారు అప్పట్లో బాగానే కనిపించేది. 2006లో వచ్చిన లోటస్ ఎలీజ్ ఎస్‌లో సీట్ల వెనక ఉన్నది కూడా ఈ 1జెడ్‌జెడ్-ఎఫ్ఈనే. మన కరోలాలో 125 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), ఎలీజ్ ఎస్‌లో 136 పీఎస్. తేడా పదకొండు. ఈసీయూ, సైలెన్సర్, గాలి దారి లోటస్‌వి. కానీ ఎలీజ్ బరువు దాదాపు 860 కిలోలే కాబట్టి అదే ఇంజిన్ అక్కడ వేరే ప్రాణిలా పరుగెత్తింది. కరోలా మీద చేయి తిరిగిన మెకానిక్‌కి ఆ స్పోర్ట్స్ కారు ఇంజిన్‌లో సగం పైన తెలిసినట్టే.

దాని జబ్బు కూడా తెలిసినదే: ఆయిల్ తాగడం. ఈ ఇంజిన్ తొలి ఏళ్ల పిస్టన్లలో ఆయిల్ రింగు వెనక ఉండే రంధ్రాలు చిన్నవి. సిలిండర్ గోడ మీద నుంచి రింగు గీకిన ఆయిల్ ఆ రంధ్రాల గుండా లోపలికి జారి ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్‌లో పడాలి. ఆయిల్ మార్పు ఆలస్యమైతే ఆ రంధ్రాల్లో నల్లటి మసి గట్టిపడుతుంది. దారి మూసుకుపోయాక రింగు కూడా గాడిలో అతుక్కుపోతుంది, ఆయిల్ పైకి ఎక్కి కాలుతుంది. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. సిలిండర్‌లో ఒత్తిడి చూసే కంప్రెషన్ గేజి పెడితే రీడింగ్ బాగానే వస్తుంది, ఎందుకంటే పైన ఉన్న రెండు రింగులు ఆరోగ్యంగానే ఉంటాయి. దాంతో తప్పు వాల్వ్ సీళ్ల మీదకు తోసి, హెడ్ విప్పి సీళ్లు మార్చి బండిని పంపేస్తారు. నెల తిరగకముందే డిప్‌స్టిక్ మళ్లీ అడుగుకు వస్తుంది. చాలాసేపు ఐడిల్‌లో నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారి నీలి పొగ వచ్చి ఆగిపోతే సీళ్లు. నడుస్తున్నంతసేపూ సన్నగా వస్తూనే ఉంటే ఆయిల్ రింగు. రెండోదానికి మందు పెద్ద రంధ్రాలున్న తర్వాతి తరం పిస్టన్లు, కొత్త రింగులు. లైనర్లు (పిస్టన్లు కదిలే గొట్టాలు) పలుచన కాబట్టి బోరింగ్ కొట్టించే ఇంజిన్ కాదు ఇది. టయోటా అన్న పేరు ఒక్కటి చూసి "ఇంకేం భయం లేదు" అనడానికి లేదని చెప్పడానికే ఇదంతా రాశాం.

అంతకు ముందున్న రోవర్ కె-సిరీస్ కథ ఇంకా లోతైనది, ఇంజిన్ ఎంపికలో ఎక్కడ దెబ్బతింటారో దాన్ని చూస్తే తెలుస్తుంది. 1.1, 1.4 లీటర్లకు గీసిన ఇంజిన్ అది. చాలా తేలిక. హెడ్, బ్లాక్, కింద క్రాంక్‌ని పట్టుకునే ల్యాడర్, ఈ మూడింటినీ కలిపి పైనుంచి కింది దాకా పది పొడవాటి బోల్టులు శాండ్‌విచ్‌లాగా బిగిస్తాయి. 1.4లో బోర్, అంటే సిలిండర్ వెడల్పు, 75 మిల్లీమీటర్లు. దాన్నే 1.8కి పెంచినప్పుడు బోర్ 80 అయింది, పిస్టన్ కదిలే దూరం స్ట్రోక్ 89.3కి చేరింది, లైనర్ల కూర్పు మార్చారు. బయటి కొలత పెరగకుండా లోపల పెంచారు కాబట్టి తప్పుకు చోటు తగ్గింది. 1996లో మొదటి ఎలీజ్‌లో ఇదే ఇంజిన్, 118 బీహెచ్‌పీ. 68 కిలోల అల్యూమినియం ఛాసీ, 700 కిలోలు చిల్లర బరువున్న కారు. అంత తేలికైన కారుకు అంత తేలికైన ఇంజిన్ ఇంకెక్కడా దొరికేది కాదు. అందుకే తీసుకున్నారు, అందులో తప్పు పట్టడానికి లేదు.

చెడింది నీళ్ల దగ్గర. వేడిని బట్టి నీళ్లను వదిలే థర్మోస్టాట్ పంపులోకి నీళ్లు వచ్చే వైపు ఉంటుంది. మామూలు కారులో రేడియేటర్ ఇంజిన్ పక్కనే కాబట్టి నడిచిపోతుంది. ఎలీజ్‌లో రేడియేటర్ ముక్కు దగ్గర, ఇంజిన్ సీట్ల వెనక. మధ్య పొడవాటి పైపుల నిండా చల్లటి నీళ్లు. ఇంజిన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకోగానే ఆ చల్లటి నీళ్లన్నీ ఒక్క ఊపున బ్లాక్‌లో పడతాయి. థర్మోస్టాట్ మళ్లీ మూసుకుంటుంది. మళ్లీ వేడి, మళ్లీ చలి. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు హెడ్ సాగుతుంది, ముడుచుకుంటుంది. హెడ్‌ని కదలకుండా పట్టుకోవాల్సిన డోవెల్ పిన్నులు ప్లాస్టిక్‌వి. హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే గాస్కెట్ మీద రబ్బరులాంటి సన్నటి గీత ఒత్తిడికి ఊడివస్తుంది. ముందు నీళ్లు కొద్దికొద్దిగా తగ్గుతాయి, ఆయిల్ మూత కింద పాలు కలిపిన టీ రంగు నురగ కనబడుతుంది, ఆ తర్వాత ఒకరోజు వేడి ముల్లు ఎర్రగీత దాటుతుంది.

దాన్ని బాగుచేసే పద్ధతి మన దగ్గరి అల్యూమినియం ఇంజిన్లకు కూడా పాఠమే. హెడ్ తీశాక క్రాంక్ తిప్పకూడదు. బోల్టులు లేని లైనర్లు పిస్టన్‌తో పాటు కదిలి కింది సీల్ చెడుతుంది, అందుకే లైనర్లను క్లాంపులతో పట్టి ఉంచాలి. ఆ తర్వాత ఉక్కు స్కేలు అడ్డం పెట్టి ఫీలర్ గేజితో లైనర్ అంచు బ్లాక్ కంటే పైకి ఉందో కిందికి దిగిందో చూడాలి. వెంట్రుకవాసి పైకి ఉంటే గాస్కెట్ నిలుస్తుంది. దిగిపోయి ఉంటే ఎంత ఖరీదైన గాస్కెట్ వేసినా మళ్లీ పోతుంది. ఇది చూడకుండా కొత్త గాస్కెట్ వేసేయడమే రెండోసారి పోవడానికి పెద్ద కారణం. ప్లాస్టిక్ డోవెళ్ల చోట ఉక్కువి, గాస్కెట్ పలు పొరల ఉక్కుది వేయాలి. బోల్టులు వరస ప్రకారం ముందు 20 న్యూటన్ మీటర్లు, తర్వాత 180 డిగ్రీలు, మళ్లీ ఇంకో 180 డిగ్రీలు. రెంచీ మీద బలం చూపించి ఒక్కసారే బిగిస్తే అడుగున బోల్టులు పట్టే మరలు పోతాయి. నీళ్లు పోసేటప్పుడు హీటర్ పూర్తిగా తెరిచి, గాలి స్క్రూలు వదులు చేసి, బుడగలు ఆగేదాకా నిదానంగా పోయాలి. పొడవాటి పైపుల్లో గాలి చిక్కిందంటే అది హెడ్‌లోనే వచ్చి కూర్చుంటుంది.

2005 ఏప్రిల్‌లో ఎంజీ రోవర్ కూలింది. లోటస్ ఆలోపే, 2004లోనే, 192 పీఎస్ టయోటా ఇంజిన్‌ని ఎలీజ్‌లోకి తెచ్చింది కాబట్టి బతికిపోయింది. ఇంజిన్ అమ్మే కంపెనీ పడిపోతే కొనే కంపెనీ కూడా పడుతుంది. సరఫరా ఒప్పందం ఎందుకంత ముఖ్యమో ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఇక గేర్‌బాక్స్. స్విఫ్ట్ బోనెట్ ఎత్తి చూడండి. ఇంజిన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది, దాని పక్కనే గేర్‌బాక్స్, అందులోనే డిఫరెన్షియల్, రెండు పక్కలకూ యాక్సిల్ షాఫ్టులు. ఈ మూటను మొత్తం ఊడదీసి సీట్ల వెనక పెడితే మధ్యలో ఇంజిన్ ఉన్న స్పోర్ట్స్ కారు వచ్చేస్తుంది. ఎలీజ్, ఎమిరా రెండూ ఈ దారినే వచ్చాయి. ఈ పద్ధతిలో ఇంజిన్‌తో పాటు దాని గేర్‌బాక్స్ కూడా తీసుకోవాల్సిందే. టయోటా వీ6కి ఆరు గేర్ల మాన్యువల్ బాక్సు ఉంది, అందుకే ఎమిరాలో క్లచ్ పెడల్ వచ్చింది. ఏఎంజీ రెండు లీటర్ల ఇంజిన్ ఎం139కి ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్ (క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్) మాత్రమే, కాబట్టి నాలుగు సిలిండర్ల ఎమిరాలో మాన్యువల్ లేనే లేదు. అక్కడ ఇంజినీర్లు వద్దనుకుని వదిలేసింది కాదు, మూటలో లేదు. మరో బ్రిటిష్ చిన్న కంపెనీ మోర్గాన్ సంగతీ ఇదే. బీఎండబ్ల్యూ రెండు లీటర్ల ఇంజిన్ ఉన్న ప్లస్ ఫోర్‌కి మాన్యువల్ ఇచ్చారు. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ప్లస్ సిక్స్‌కి జెడ్ఎఫ్ ఆటోమేటిక్ ఒక్కటే. ఇంకో బ్రిటిష్ కారు కేటర్‌హామ్ సెవెన్ 170లో 658 సీసీ సుజుకి టర్బో పెట్టారు, దాంతో పాటు ఐదు గేర్ల బాక్సు, వెనక యాక్సిల్ కూడా సుజుకివే. అందువల్ల కొత్త కారులో మాన్యువల్ ఉంటుందని కంపెనీ ఒక్క మాట జారినా ఊహించదగ్గ ఇంజిన్లలో సగానికి పైగా అక్కడికక్కడే కొట్టేయవచ్చు.

పొగ నిబంధన దగ్గర ఆ పాత వీ6కి గట్టి పరీక్ష ఉంది. ఎమిరాలోని 2జీఆర్-ఎఫ్ఈ 3456 సీసీ ఇంజిన్‌లో పెట్రోలు ఇంటేక్ పోర్టులోకి చిమ్ముతుంది, నేరుగా సిలిండర్‌లోకి కాదు. యూరప్ పొగ నిబంధన యూరో 6లో మసి కణాల సంఖ్య పరిమితి నేరుగా చిమ్మే పెట్రోలు ఇంజిన్లకే ఉంది. దాని తర్వాతి యూరో 7లో పోర్టులోకి చిమ్మేవాటికి కూడా వర్తిస్తుంది, ఇంకా సన్నటి కణాలు లెక్కలోకి వస్తాయి. కొత్తగా ఆమోదం పొందే కార్లకు 2026 నవంబరు 29 నుంచి, అమ్మే కొత్త కార్లన్నిటికీ 2027 నవంబరు 29 నుంచి అది అమలవుతుంది. తక్కువ కార్లు చేసేవాళ్లకు గడువు ఇంకా ఉంది, కానీ పదేళ్లు అమ్మాల్సిన కారును గడువు నమ్ముకుని ఎవరూ గీయరు. వీ6 మిగలాలంటే సైలెన్సర్ దారిలో కణాల ఫిల్టరు, కొత్త ఈసీయూ, పొగను శుద్ధి చేసే కొత్త క్యాట్ కావాలి. ఇవన్నీ ఇంజిన్ పక్కన చోటు తింటాయి, వేడి పెంచుతాయి. బ్రిటన్‌లో 2030 తర్వాత కేవలం పెట్రోలుతో నడిచే కొత్త కార్లు ఆపేస్తామన్న నియమం నుంచి చిన్న తయారీదార్లను మినహాయిస్తామని అక్కడి ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో చెప్పింది. అది ఊరటే. అయినా కంపెనీ బతికేది బ్రిటన్ ఒక్కదాని మీద కాదు. పోర్షే 718 పెట్రోలు కారు యూరప్‌లో 2024లో ఆగింది ఇంజిన్ పాతదై కాదు, దాని ఎలక్ట్రానిక్ వ్యవస్థ కొత్త సైబర్ భద్రతా నిబంధనకు సరిపోక. ఈసీయూ, వైరింగ్ కూడా ఇంజిన్ ఎంపికలో భాగమే అనడానికి ఇదే రుజువు.

మన ఎండ లెక్క వేరే. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. 15 డిగ్రీల దగ్గర ఉండే గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి దాదాపు 9 శాతం పలుచన. టర్బో లేని ఇంజిన్ అంతమేరా పవర్ కోల్పోతుంది. టర్బో ఉన్నది ఇంకా వేగంగా తిరిగి ఆ లోటు పూడ్చుకుంటుంది, కానీ దానికి ధర వేడి రూపంలో చెల్లిస్తుంది. 45 డిగ్రీల గాలిని ఒక బార్ మేర ఒత్తితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, బయటికి వచ్చేసరికి ఆ గాలి 140 డిగ్రీలు దాటుతుంది. దాన్ని ఇంటర్‌కూలర్ చల్లార్చాలి. ముందు ఇంజిన్ ఉన్న కారుకు ఎదురుగాలి నేరుగా తగులుతుంది. మధ్యలో ఇంజిన్ ఉన్న కారులో వెనక చక్రాల ముందున్న రంధ్రాల గుండా గాలి లాగాలి, లేదా నీళ్లతో చల్లబరిచి ఆ నీళ్లను ముక్కు దగ్గరికి పంపాలి. చాలకపోతే పెట్రోలు వేళ కాకుండా పేలుతున్నట్టు నాక్ సెన్సార్ పట్టుకుంటుంది, ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పికప్ పోతుంది. బ్రోషర్‌లో రాసిన 400 హార్స్‌పవర్ అప్పుడు కాగితం మీదే ఉంటుంది.

సంక్రాంతికి పంతంగి, కొర్లపహాడ్ టోల్ దగ్గర కార్లు బారులు తీరినప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించండి. ముందు గంటసేపు గట్టిగా తోలిన టర్బో ఇంజిన్, సీట్ల వెనక మూసిన గదిలో, గాలి కదలకుండా నిలబడి ఉంటుంది. ఆ వేడిలో వెంటనే ఆపేస్తే టర్బో బేరింగులో ఆగిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. నీళ్లతో కూడా చల్లబడే టర్బోలు, ఇంజిన్ ఆపాక కూడా నీళ్లు తిప్పే కరెంటు పంపులు వచ్చాక ఈ బాధ తగ్గింది, పూర్తిగా పోలేదు. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపడం ఇప్పటికీ మంచిదే. వేడి గది పక్కనే ఉండే రబ్బరు గొట్టాలు, వైరింగ్ తొడుగులు, ఇంజిన్ మౌంటింగులు ముందుగా పెళుసెక్కేది మన దిక్కునే.

నీళ్ల సంగతి నల్లగొండ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేసిందో దేశమంతా ఎరుగును. ఇంజిన్‌ని దెబ్బతీసేది ఆ నీళ్లలోని గట్టితనం, లవణాలు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే సున్నపు పొర సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది, అల్యూమినియం హెడ్ తినివేయబడుతుంది. స్పోర్ట్స్ కారు దాకా ఎందుకు, మామూలు కారులోనైనా డిస్టిల్డ్ వాటర్, ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ సగం సగం కలిపి పోయాలి. టయోటా గులాబీ రంగు కూలెంట్ ముందే కలిపి వస్తుంది, దాంట్లో నీళ్లు పోయొద్దు, ఆకుపచ్చ రకాన్ని కలపొద్దు.

ఇప్పుడు కరెంటు మోటారు. హైబ్రిడ్ అంటే బరువు. మెక్‌లారెన్ ఆర్టురా విషయంలో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం హైబ్రిడ్ సామాను మొత్తం 130 కిలోలు, అందులో బ్యాటరీ ఒక్కటే 88. ఆ 130 కిలోలు మొదటి ఎలీజ్ ఛాసీకి దాదాపు రెండింతలు. ఆర్టురాలో ఇంజిన్ కారు పొడవు వెంట ఉంది, మోటారు గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు తొడుగులో ఇమిడింది కాబట్టి చోటు కుదిరింది. అడ్డంగా ఇంజిన్ పెట్టే కారులో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య మోటారు దూర్చితే మూట వెడల్పు పెరిగి చక్రాల మీదికి వస్తుంది. వీ6 పొడవు మూడు సిలిండర్లంతే కాబట్టి అక్కడ చోటు మిగులుతుంది. వరస నాలుగు సిలిండర్లకు అంత మిగలదు. ఆ ఇబ్బంది తప్పాలంటే మోటారును ముందు చక్రాలకు ఇవ్వాలి, అప్పుడు కారు నాలుగు చక్రాలతో లాగుతుంది, స్టీరింగ్ తీరు మారుతుంది. ఇది చిన్న మార్పు కాదు, లోటస్ పేరు నిలబడిందే స్టీరింగ్ మీద.

వీ8 పుకారు మీద మీ కథనం చాలా చోటు ఖర్చుపెట్టింది. లోటస్ 1996లో ఎస్ప్రీలో సొంత 3.5 లీటర్ల ట్విన్ టర్బో వీ8 పెట్టిన మాట నిజం. ఇప్పుడు వీ8 వస్తే అది ఎమిరా జాగాలో కాదు, దాని పైన, చాలా పై ధరలో వేరే కారుగా వస్తుంది. ఇంజిన్ పేరు గొప్పదైనంత మాత్రాన కారు రోడ్డెక్కదు కూడా. బ్రిటిష్ కంపెనీ టీవీఆర్ 2017లో కొత్త గ్రిఫిత్ కారుని చూపించింది. అందులో ఫోర్డ్ ఐదు లీటర్ల వీ8, దాన్ని మెరుగుపెట్టింది ఇంజిన్లు చేసే కాస్‌వర్త్ కంపెనీ. ఇంజిన్ సిద్ధంగా ఉన్నా ఏళ్లు గడిచినా ఆ కారు కొనుగోలుదార్ల చేతికి రాలేదు.

మా అంచనా ఇది. గీలీ, రెనో కలిసి 2024 మేలో హార్స్ పవర్‌ట్రెయిన్ అనే ఇంజిన్ల సంస్థను నిలబెట్టాయి. వోల్వో పెట్రోలు ఇంజిన్లు చేసిన కార్ఖానాలు ఆ గొడుగు కిందే ఉన్నాయి. కొత్త చిన్న లోటస్ వస్తే దానికి ఆ వైపు నుంచే రెండు లీటర్ల లోపు నాలుగు సిలిండర్ల టర్బో, చిన్న బ్యాటరీ, ఆటోమేటిక్ బాక్సు రావడానికి ఎక్కువ అవకాశం. మాన్యువల్ కోరేవాళ్లకు ఇది చేదుగా ఉంటుంది, మాలో కొందరికి కూడా ఉంది. టయోటా వీ6 కొత్త నిబంధనల దాకా సాగదీస్తే సంతోషిస్తాం, కానీ దాని మీద కొత్త కారు కట్టరు. ఏఎంజీ ఎం139 కొనసాగితే మన దేశానికి ఒక లాభం ఉంది: ఆ ఇంజిన్ ఉన్న మెర్సిడెస్ ఏ45 ఎస్ 2021లోనే ఇక్కడ అమ్మకానికి వచ్చింది కాబట్టి స్కానరు, ఆయిల్, ఫిల్టర్లు, పని తెలిసిన చేతులు హైదరాబాద్‌లో ఉన్నాయి.

సుంకం లెక్క కూడా ఇంజిన్ సైజుకే ముడిపడి ఉంది, అది మీ కథనంలో లేదు. 2025 జూలై 24న సంతకాలైన భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందంలో బ్రిటిష్ కార్ల మీది సుంకం కోటా మేరకు దశలవారీగా 10 శాతానికి దిగేలా రాసుకున్నారు. 3000 సీసీ పైన పెట్రోలు కార్లకు ఒక వరస, దానికి దిగువన వేరే వరసలు. అంటే 3.5 లీటర్ల వీ6కి, రెండు లీటర్ల నాలుగు సిలిండర్లకు ఒకే లెక్క పడదు.

ఒక సవరణ కూడా వేయాలి. ఎమిరా వీ6ని మీరు టర్బో అని రాశారు. అది సూపర్‌ఛార్జర్, బెల్టుతో తిరుగుతుంది, క్రాంక్ తిరిగిన క్షణం నుంచే గాలి నెడుతుంది. టర్బో సైలెన్సర్‌లోకి పోయే పొగతో తిరుగుతుంది. మొదటిది ఇంజిన్ బలాన్ని కొంత తింటుంది, రెండోది వేడిని వెనక గదిలో నింపుతుంది. పరీక్షల్లో ఈ తేడా అడుగుతారు, పిల్లలు మీ పేజీ చదివి తప్పు రాయకూడదు.

ఆ కారు బయటికి వచ్చిన రోజు ఫొటోల్లో రెండు చోట్లు పెద్దవి చేసి వేయండి: సీట్ల మధ్య గేర్ లివర్ ఉండే చోటు, వెనక చక్రం ముందున్న గాలి రంధ్రం. సీసీ, పెట్రోలు చిమ్మే పద్ధతి, యూరో స్థాయి, కావాల్సిన ఆక్టేన్ ఒక్కో వాక్యంలో ఇవ్వండి. మిగతా లెక్క మా పిల్లలు కట్టుకుంటారు.

ఇట్లు,
నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ మోటారు మెకానిక్కులు, ఐటీఐ బోధకులు కొందరు